ఆ కవికీ నాకూ ఒకే జబ్బు

మా దిక్కు మగపిల్లలకు పెళ్ళీ దుబాయీ కాస్త అటూ ఇటూగా ఒకే వయసులో వస్తాయి. నాకు పెళ్ళి ముందు వచ్చింది. బిడ్డ పుట్టాక, 2017లో, దుబాయికి తయారయ్యాను. మాది జగిత్యాల దగ్గరి పల్లె. గల్ఫ్‌లో మనిషి లేని వాడ మా ఊళ్ళో దొరకదు. ఏజెంటుకు కట్టిన పైసలు మిత్తికి తెచ్చినవి. మెడికల్‌కు హైదరాబాద్ రమ్మన్నారు. రక్తం తీసుకున్నారు, ఎక్స్‌రే తీశారు. తరువాత చేతిలో పెట్టిన కాగితం మీద 'అన్‌ఫిట్' అని ఉంది. ఎందుకని అడిగితే కిటికీ లోపలి మనిషి ఎక్స్‌రే కవరు నా వైపు నెట్టి, "ఊపిరితిత్తులు చూపించుకో" అని, నా వెనకవాణ్ణి పిలిచాడు.

దగ్గు అప్పటికే ఉంది. కానీ మా ఇంట్లో దగ్గు కొత్త సంగతి కాదు. అవ్వ బీడీలు చేస్తుంది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆ ఘాటుకు ఇంటికి వచ్చిన చుట్టాలు కూడా రెండుసార్లు దగ్గి కూర్చుంటారు. ఊళ్ళో ఆర్ఎంపీ సీసా మందు ఇచ్చాడు. టౌన్‌లో ప్రైవేటు దవాఖానలో గోలీలు మార్చి మార్చి రాశారు. పొద్దు గూకగానే వచ్చే జ్వరాన్ని, నడుము దగ్గర వదులైపోతున్న ప్యాంటును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. సర్కారు దవాఖానలో మాత్రం పోయినరోజే తెమడ డబ్బీ చేతిలో పెట్టారు. "ఉమ్మి కాదు, లోపలికెళ్ళి తెమడ రావాలె" అని చెప్పి పంపారు. సీబీనాట్ అనే యంత్రంలో పరీక్ష. రెండు గంటల్లో తేలిపోతుంది. టీబీ ఉందని తేలింది. రిఫాంపిసిన్‌కు లొంగని టీబీ అని కూడా తేలింది. టీబీ మందుల్లో పెద్దన్న లాంటి మందు అది. దానికే నా ఒంట్లోని క్రిమి లొంగదు.

"నేను ఇంతకుముందు టీబీ గోలీ ఒక్కటి కూడ మింగలే కద సార్" అన్నాను. డాక్టరు ఓపికగా చెప్పాడు. మందుకు మొండిబారిన క్రిమి ఇంకెవరి ఒంట్లోనో తయారై ఉంటుంది. వాళ్ళు దగ్గితే గాలిలోంచి నాకు అంటుకుని ఉంటుంది. బస్సులోనో, సినిమా హాల్లోనో, పని దగ్గరనో. మామూలు టీబీకి ఆరు నెలలు గోలీలు మింగితే చాలు. నాకు రెండేళ్ళు. అందులో మొదటి ఆరు నెలలో అంతకంటే ఎక్కువో సూదులు కూడా.

మందు మొదలు పెట్టకముందు హైదరాబాద్‌లో ఛాతీ దవాఖానలో ఉంచుకుని గుండె, లివర్, కిడ్నీ, చెవులు అన్నీ పరీక్ష చేశారు. చెవులెందుకో అప్పుడు అర్థం కాలేదు. తిరిగి వచ్చేసరికి ఊళ్ళో కబురు పాకిపోయింది. మా అత్తగారు వాళ్ళు వచ్చి భార్యనూ బిడ్డనూ తల్లిగారింటికి తోల్కపోయారు. బిడ్డకు పరీక్షలో ఏమీ లేదని తేలినా ఆగలేదు. వాళ్ళ భయం వాళ్ళది, నేను తప్పు పట్టను. తప్పు పట్టేది బీడీల టేకేదారును. "టీబీ ఉన్న ఇంట్ల చేసిన బీడీ ఎవడు తాగుతడవ్వా" అని అవ్వకు ఆకు ఇయ్యడం బంద్ చేశాడు. ఊపిరితిత్తులను తినేసే సరుకు అమ్ముకునేవాళ్ళకు నా ఊపిరితిత్తుల మీద అనుమానం వచ్చింది! అవ్వ మాత్రం నా కంచం వేరు చేయలేదు. "నేను పొట్టకు ఇరవై ఏండ్లు తంబాకు దుమ్మే పెట్టిన బిడ్డా, నీ దగ్గుకు జడుస్తనా" అన్నది. డాక్టరు చెప్పినట్టు ఆమె మూతికి కొంగు కట్టుకోవాలని నేనే పోట్లాడేవాణ్ణి.

కనామైసిన్ సూది ఎట్లుంటుందో వేయించుకున్నవాళ్ళకే తెలుసు. రోజు విడిచి రోజు కాదు, ఆదివారం తప్ప రోజూ. సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం సిస్టర్ ఒకరోజు కుడివైపు, ఒకరోజు ఎడమవైపు వేసేది. నెల తిరిగేసరికి పిరుదులు గడ్డలు కట్టాయి. కూర్చుంటే నొప్పి, మర్లితే నొప్పి. గోలీలు పొద్దున్నే గుప్పెడు. ఇథియోనమైడ్ అనే గోలీ కడుపులో పడగానే పేగులు నోట్లోకొచ్చేవి. వాంతి అయితే మళ్ళీ మింగాలి. అన్నం వాసనకు వాంతి, నూనె వాసనకు వాంతి. అవ్వ చేసిన పచ్చిపులుసు ఒక్కటే లోపల ఉండేది.

తరువాత చెవులు. మొదట రాత్రిపూట లోపల ఒక సన్నటి కూత మొదలైంది. ఎవరిదో టీవీ అనుకున్నాను. కొన్నాళ్ళకు ఫోన్ మోగడం వినిపించకుండా పోయింది. ఫోన్ పాడైందని దుకాణానికి పోతే ఆ పిల్లగాడు అది మోగుతున్నదని నా ముఖం వంక చూశాడు. ఎవరైనా ఎదురుగా మాట్లాడుతుంటే పెదవులు కదలడం తెలిసేది గానీ మాట తెలిసేది కాదు. ఆ సూది మందు చెవిలో ముందు సన్న శబ్దాలను తినేస్తుంది, లావు శబ్దాలను తరువాతికి మిగులుస్తుంది. ఆడపిల్లల గొంతు, పిట్టల కూత, ప్రెషర్ కుక్కర్ విజిల్ పోతాయి. లారీ హారన్ మిగులుతుంది. ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్ష చేసి సూది ఆపేశారు. పోయిన వినికిడి మాత్రం తిరిగి రాదని అక్కడే చెప్పారు.

ఊళ్ళో అడిగినవాళ్ళకు 'నిమోనియా' అని చెప్పేవాణ్ణి. అందరికీ తెలుసు, అయినా నేను అదే చెప్పేవాణ్ణి.

2018లో సర్కారు టీబీ రోగులకు నెలకు 500 రూపాయలు తిండి ఖర్చుకు బ్యాంకులో వేయడం మొదలు పెట్టింది. నిక్షయ్ పోషణ్ అంటారు. ఖాతా తెరవడానికి పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు కావాలి. దుబాయి కోసం తీయించుకున్న పాత ఫొటోలు ఉన్నాయి గానీ అందులో ఉన్న మనిషికీ నాకూ పోలిక లేదు. జగిత్యాలలో ఒక పాత స్టూడియోకు పోయాను. అప్పటికే తెమడ కల్చర్‌లో క్రిమి లేదని వచ్చింది, అయినా అలవాటుగా మాస్కు పెట్టుకునే ఉన్నాను. స్టూడియో ఆయన పెద్ద వయసు మనిషి. "మాస్కు తియ్యి తమ్మీ, ముఖం లేకుంట ఫొటో ఎట్ల దిగుతవ్" అన్నాడు. నాకు సరిగా వినిపించలేదు. ఆయనే దగ్గరికొచ్చి సైగ చేశాడు. ఎందుకు పెట్టుకున్నావని అడిగాడు. ఎందుకో ఆయనకు నిమోనియా అని చెప్పబుద్ధి కాలేదు. టీబీ అన్నాను. ఆయన వెనక్కి జరగలేదు. కౌంటర్ కింద చెయ్యి పెట్టి, అట్ట ఊడిన ఒక పుస్తకం తీసి చూపించాడు. "మా ఫొటోగ్రాఫర్ల కవి. మన జగిత్యాలే. ఆయనకు గూడ గిదే" అన్నాడు.

అట్లా నాకు అలిశెట్టి ప్రభాకర్ తెలిశాడు. పేరు ముందే విని ఉన్నాను. మా జిల్లాలో గోడల మీద ఆయన మాటలు రాసి ఉంటాయి. కానీ టీబీతో పోయాడని నాకు తెలియదు. 1954 జనవరి 12న జగిత్యాలలో పుట్టాడు. 1993లో, అదే జనవరి 12న, హైదరాబాద్‌లో చనిపోయాడు. పుట్టినరోజునే పోయాడు, ముప్పై తొమ్మిదేళ్ళకు. ముందు బొమ్మలు గీసేవాడు. బతుకుదెరువుకు కెమెరా పట్టాడు. జగిత్యాలలో పూర్ణిమ, కరీంనగర్‌లో శిల్పి, హైదరాబాద్‌లో చిత్రలేఖ, ఎక్కడికి పోతే అక్కడ ఒక స్టూడియో. 'ఎర్ర పావురాలు' నుంచి 'సిటీ లైఫ్' దాకా పుస్తకాలు వచ్చాయి. 'సిటీ లైఫ్' ఆంధ్రజ్యోతి పేపర్లో చిన్న చిన్న కవితలుగా వచ్చేది. నాలుగైదు లైన్లలో కవిత అయిపోతుంది. చెవులు పోయినవాడికి, మందు మత్తులో ఉన్నవాడికి అంతకంటే పెద్దది చదివే శక్తి ఉండదు. నాకు దొరికిన కవి కొలత తెలిసిన కవి.

ఆయన పంక్తులు ఇక్కడ రాయను. విడిగా పెరికి పెడితే నినాదాలైపోతాయి, గోడల మీద ఇప్పటికే అట్లా అయిపోయాయి. పుస్తకంలో, పక్కనున్న కవితలతో కలిపి చదివితే వేరుగా ఉంటాయి. నేను చెప్పేది అవి నాకేం చేశాయన్నదే.

మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చింది. తన చావును ఎదురుగా నిలబెట్టుకుని, అది తనను ముగించలేదని చెప్పే పంక్తులు అవి. అందరికీ తెలిసినవి. చావు ముగించింది కదా, 1993లో? పోయినవాడి ధైర్యం నాకెందుకు? పుస్తకం మూసి పరుపు కింద పెట్టాను. కవిత్వం ఇట్లానే ఉంటుంది, బతికున్నవాళ్ళకు పనికిరాదు అనుకున్నాను.

తరువాత సైక్లోసెరిన్ వంతు వచ్చింది. అది టీబీ గోలీయే గానీ కొందరికి మనసు మీద దెబ్బ కొడుతుంది. ముందే చెప్పారు. చెప్పడం వేరు, పడడం వేరు. నిద్ర పట్టదు. పట్టినా కలలు. పగలు కూడా ఎవరో గోడ వెనక నా గురించి మాట్లాడుతున్నట్టే ఉండేది. చెవులు పనిచేయని నాకు లేని మాటలు మాత్రం స్పష్టంగా వినిపించేవి. ఇంటి వెనక చేదబావి ఉంది. అటు చూడకుండా ఉండడం ఒక పని అయిపోయింది. అప్పటికి నా భార్య తిరిగి వచ్చేసింది. ఎవరూ పిలవలేదు, బిడ్డను ఎత్తుకుని బస్సు దిగి తనే వచ్చింది. ఆమెకు కూడా నేను ఏమీ చెప్పలేదు. అప్పులు, బీడీలు, ఎక్కిరింతలు, వీటి మధ్య నా తలలో బావి ఉందని ఎట్లా చెప్పేది?

ఆ రోజుల్లో ఒక రాత్రి మళ్ళీ పుస్తకం తీశాను. ఈసారి ఆ చావు పంక్తుల దగ్గర ఆగలేదు. అటూ ఇటూ చూశాను. ఆ పక్కన నాయకులను ఎగతాళి చేసే కవిత. ఇటు పక్కన నగరం, పేదవాడి ఆకలి. అతని జబ్బుకు ఆ పుస్తకంలో దక్కాల్సిన చోటు మాత్రమే దక్కింది. మిగతాదంతా లోకానికి ఇచ్చాడు. ఊపిరి ఆడనివాడు రోడ్డు మీద ఏం జరుగుతున్నదో చూస్తూ కూర్చున్నాడు. నేనేమో రోగం వచ్చినప్పటినుంచి నా ఛాతీ తప్ప ఇంకేమీ చూడలేదు. సబ్‌సెంటర్ ముందు రోజూ నా పక్కన కూర్చునే ముసలాయన పేరు కూడా అప్పటికి తెలియదు.

ఇంకో సంగతి తట్టింది. ఇదే పెద్దది. ఈ మనిషి తనకు వచ్చిన జబ్బును, తన లేమిని, తన చావును తన పేరు కింద అచ్చు వేయించుకున్నాడు. పేపర్ చదివే ఊరందరి ముందూ. ఫొటో స్టూడియో నడుపుకునేవాడికి టీబీ అని తెలిస్తే గిరాకీ వస్తుందా? తెలిసీ రాశాడు. నేను ఆర్ఎంపీకి నిమోనియా అని, అవ్వకు బాగానే ఉన్న అని, భార్యకు నిద్ర పట్టింది అని చెప్తూ వచ్చాను. ఆ పంక్తుల్లో నాకు దొరికింది ధైర్యం కాదు. అట్లా నోరు తెరిచి చెప్పొచ్చునన్న సంగతి దొరికింది.

తెల్లారి నా భార్యకు చెప్పాను. "నాకు సచ్చిపోవాలనిపిస్తుంది. బాయి దిక్కు పోనియ్యకు." ఆమె ఏడవలేదు. బావి మీద తడక కప్పి, బండరాయి పెట్టి, నన్ను బస్సెక్కించింది. డాక్టరుకు కూడా అదే మాట చెప్పాను, దాచకుండా. ఆయన సైక్లోసెరిన్ మోతాదు మార్చాడు, బీ6 పెంచాడు, మనసు డాక్టరు దగ్గరికి పంపాడు. నాలుగైదు వారాలకు గోడ వెనక మాటలు ఆగాయి. కవిత్వం నన్ను కాపాడిందని ఎవరైనా రాసుకుంటే రాసుకోనీ, నేను రాయను. కాపాడింది ఆమె, మోతాదు మార్చిన డాక్టరు. కవిత చేసింది ఒకటే, వాళ్ళ దాకా నా మాటను మోసింది.

స్టూడియో ఆయన దగ్గరికి తరువాత చాలాసార్లు పోయాను. టీబీతో పోయిన కవుల సంగతులు ఆయన చెప్పేవాడు, నాకు వినిపించనివి కాగితం మీద రాసి ఇచ్చేవాడు. ఇంగ్లీషు కవి కీట్స్ వైద్యం చదువుకున్నవాడు. నోట్లోంచి పడ్డ రక్తం చూసి తనకేం రాబోతున్నదో తానే తెలుసుకున్నాడు. 1821లో రోమ్‌లో ఇరవై అయిదేళ్ళకు పోతే, అక్కడి అధికారులు అతని గదిలో సామానంతా కాల్పించారు. బెంగాలీ కవి సుకాంత భట్టాచార్య 1947లో కలకత్తాలో, ఇరవై ఒకటి నిండకుండానే పోయాడు. స్వాతంత్ర్యం ఇంకా మూడు నెలలు ఉంది. వీళ్ళకు మందు లేదు. కీట్స్ పోయిన అరవై ఏళ్ళకు, 1882లో గానీ కాక్ అనే శాస్త్రవేత్త ఆ క్రిమిని కనిపెట్టలేదు. స్ట్రెప్టోమైసిన్ 1943లో తేలినా సుకాంత దాకా రాలేదు.

ప్రభాకర్ సంగతి అట్లా కాదు. ఇక్కడే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. 1959 నాటికే మద్రాసులో చేసిన పరిశోధన టీబీ రోగి శానిటోరియంలో పడుకోనక్కర లేదని, ఇంట్లో ఉండి మందు మింగినా అంతే నయమవుతుందని లోకానికి చూపించింది. 1980ల నాటికి రిఫాంపిసిన్ మన దేశంలో ఉంది. అంటే ఆయన పోయేనాటికి ఆ జబ్బుకు మందు ఉంది. మందు, తిండి, విశ్రాంతి, ఇంటికొచ్చి గోలీ మింగావా అని అడిగే మనిషి, ఈ నాలుగూ కలిసి పేదవాడి గడప దాకా రాలేదు. ఆయన జనవరిలో పోయిన 1993లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ టీబీని ప్రపంచ అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. మన దేశంలో సవరించిన టీబీ కార్యక్రమం ప్రయోగాత్మకంగా మొదలైంది కూడా ఆ ఏడే. దేశమంతటికీ చేరేసరికి 2006 అయింది. నాకు పైసా ఖర్చు లేకుండా రెండేళ్ళు మందు అందిందంటే ఆ కార్యక్రమం వల్లనే.

ఒక జనవరి 12న ఆయన యాదిలో జరిగిన సభకు పోయాను. చెవి మిషన్ పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. ఒక వక్త కవిత కోసం ప్రాణాలిచ్చాడన్నాడు. ఇంకొకాయన, దగ్గుతూనే అంత గొప్ప కవిత రాశాడన్నాడు, దగ్గు లేకపోతే కవిత లేదన్నట్టు. చప్పట్లు. నాకు ఆ చప్పట్లు ఎవరికో తెలియలేదు. దగ్గు ఎవరికీ కవిత ఇవ్వదు. నాకూ వచ్చింది, నేనేం రాశాను? ఆయన జబ్బు వల్ల రాయలేదు, జబ్బు ఉన్నా రాశాడు. మందు సరిగా అందితే ఇంకో ముప్పై ఏళ్ళు రాసేవాడు. పేదరికం చేసిన చావును త్యాగం అని పిలవడం నాకు సయించదు.

2019 చివర నా కోర్సు అయిపోయింది. కల్చర్ నెగటివ్. కార్డు మీద 'క్యూర్డ్' అని రాశారు. ఎరువుల దుకాణంలో బిల్లులు రాసే పని చేస్తున్నాను. ఎక్స్‌రేలో మచ్చ ఉంటుంది కాబట్టి గల్ఫ్ మెడికల్‌లో మళ్ళీ అన్‌ఫిట్టే అవుతానని ఏజెంటే చెప్పాడు. రోగం నయమైందా లేదా వాళ్ళకు అక్కర లేదు. మిత్తి ఇంకా నడుస్తున్నది. నా బిడ్డ గొంతు మిషన్ పెట్టుకుంటే వినిపిస్తుంది, అదీ ఎదురుగా నిలబడి మాట్లాడితే.

నా తరువాత వచ్చినవాళ్ళ కథ కొంత మేలు. బెడాక్విలిన్ వంటి కొత్త మందులు వచ్చాక మొండి టీబీకి సూదులు చాలావరకు పోయాయి. ఇప్పుడు అర్హులైనవాళ్ళకు ఆరు నెలల కోర్సు కూడా వచ్చింది. 500 రూపాయలు 2024 నవంబరు నుంచి 1000 అయ్యాయి. టీబీ ఛాంపియన్ అని మాలాంటి నయమైనవాళ్ళను పిలుస్తారు. ఎవరికైనా పరీక్షలో తేలితే ఆ ఇంటికి పోయి మాట్లాడతాను. చాలామంది నాకు కూడా నిమోనియా అనే చెప్తారు. నేను కూర్చుని, నాది టీబీ, చెవులు పోయాయి, ఒకప్పుడు చావాలనిపించింది అని ముందు నా సంగతి చెప్తాను. తరువాత వాళ్ళు మొదలు పెడతారు.

మీ ఇంట్లో ఎవరికైనా రెండు వారాలకు మించి దగ్గు ఉంటే, సాయంత్రం జ్వరం వస్తుంటే, ఆశా కార్యకర్తను తెమడ డబ్బీ అడగండి. పైసలు తీసుకోరు. మందు మొదలు పెట్టాక నిద్ర రాకపోయినా, చెవిలో కూత వచ్చినా, పిచ్చి ఆలోచనలు వచ్చినా గోలీలు మీ అంతట మీరు ఆపకండి, అదే రోజు పోయి డాక్టరుకు చెప్పండి. మందు మార్చే దారి ఉంటుంది.